ఆదిభట్ల నారాయణదాసు: పాండిత్యము, జనరంజనము

నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని అజ్జాడ గ్రామమున 1864 ఆగస్టు 31వ తేదీన ఆదిభట్ల నారాయణదాసుగారు జన్మించిరి. తొలుత పెట్టిన పేరు సూర్యనారాయణ. పోతన పద్యములు బాల్యముననే తల్లివలన కంఠస్థములైనవి. ఆంగ్లవిద్యకై విజయనగరము చేరిన పిమ్మట, 1883లో కుప్పుస్వామినాయుడను భాగవతుని హరికథ వినుట తటస్థించినది. ఆ యేడే దాసుగారు ధ్రువచరిత్రమును రచించి, తామే గజ్జె కట్టి కథ చెప్పిరి. అప్పటికి వారి వయస్సు పందొమ్మిదేండ్లు.

హరికథాపితామహుడను బిరుదును చూచి, ఆయనకు పూర్వము తెలుగునాట హరికథయే లేదని తలచుట సరికాదు. ఆయనయే మరొకరి కథ విని ఆ మార్గము పట్టిరి గదా! దాసుగారి విశేషము వేరు. వచనము, పద్యము, కీర్తనము, రాగతాళముల కూర్పు, నృత్తము, అభినయము అన్నియు ఒక్కని ప్రతిభనుండి వెలువడినవి. రచయితయు, వాగ్గేయకారుడును, నటుడును ఒక్కడే యగుటచే మాటకును స్వరమునకును పొత్తు కుదిరినది.

జనరంజనమనగానే పండితులు కొందరు పెదవి విరుతురు. ప్రీతి, వ్యుత్పత్తి రెండును కావ్యప్రయోజనములని ఆలంకారికులు చెప్పిన సంగతి వారెరుగనిది కాదు. దాసుగారి కథాసభలో వేదము చదివినవారును, అక్షరము రానివారును ఒకే పందిట కూర్చుండిరి. ఇద్దరినీ గంటలకొలది నిలుపవలెను. కథ రుచింపనిచో శ్రోత లేచిపోవును. విద్వద్గోష్ఠులలో అట్టి కఠినపరీక్ష అరుదు. రెండు చేతులతో, రెండు పాదములతో, శిరస్సుతో ఐదు తాళములను ఏకకాలమున చూపు పంచముఖి వారి లయప్రభుత్వమునకు ప్రసిద్ధ నిదర్శనము. అయినను అది సభను విస్మయపరచు విద్య మాత్రమే. యథార్థరామాయణాది కథలలో రసమునకు లయ లొంగియుండుట అంతకంటె గొప్ప సంగతి. ఆ కథలను ప్రబంధములతో సమముగా పరిశీలింపక, వేడుక పాటలుగా విడిచిపెట్టుట సాహిత్యచరిత్రకు లోపమే.

పండితులు మెచ్చు రచనలు వారివి వేరుగా కలవు. ఉమర్ ఖయ్యాము రుబాయీలను పారసీక మూలమునుండియు, ఫిట్జెరాల్డు ఆంగ్లమునుండియు సంస్కృతములోనికి, అచ్చతెనుగులోనికి తెచ్చిరి. నవరసతరంగిణిలో కాళిదాస షేక్స్పియరులను చేర్చిరి. లలితాసహస్రనామమును తల్లివిన్కిగా తెనిగించిరి. తొంబది రాగములతో దశవిధరాగనవతికుసుమమంజరిని కూర్చిరి. అయితే అచ్చతెనుగుపై వారి పట్టుదల ఒక వింత ఫలమునిచ్చినది. సంస్కృతపదమును వీడినంతమాత్రమున భాష సులభము కాలేదు. ఆ తెలుగుమాటలకు నిఘంటువు కావలసివచ్చినది. తత్సమములు నిండిన హరికథయే జనులకు సుబోధమైనది. అర్థమును అభినయము అందించుటయే దీనికి కారణము కావచ్చును.

విజయనగరమున 1919లో విజయరామ గానపాఠశాల నెలకొనగా దాసుగారే ప్రథమాధ్యక్షులైరి. 1936 వరకు ఆ పదవి నిర్వహించిరి. పిదప ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ స్థానమునకు వచ్చిరి. సభలో ఒంటరిగా నిలిచి మెప్పించిన విద్యను తరగతిగదిలో పలువురికి పంచుట వేరొక శ్రమ. దానినిగూర్చి వ్రాసినవారు తక్కువ. వార్ధక్యమున జగజ్జ్యోతి యను తాత్త్వికగ్రంథము రచించిరి. స్వీయచరిత్రమైన నా యెరుకలో మాత్రము జీవితపు తొలిభాగమే కలదు. గానపాఠశాలనాటి అనుభవములు అందులోనికి రాకమునుపే రచన ఆగినది. 1945 జనవరి 2న వారు దివంగతులైరి.