చెక్కపిట్టకు ప్రాణం పోసిన వేటగాడు – ఎల్మర్ క్రోవెల్

చిన్నప్పటి నుండి నేర్చుకున్న పనికి ఒకనాడు కాలం చెల్లిపోతే మనిషి ఏం చేయాలి? ఈ ప్రశ్నకు తన బ్రతుకుతోనే జవాబు చెప్పిన వ్యక్తి ఆంథొనీ ఎల్మర్ క్రోవెల్.

ఆయన 1862 డిసెంబరు 5న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కేప్ కాడ్ సముద్రతీరాన ఉన్న ఈస్ట్ హార్విచ్ అనే చిన్న ఊరిలో జన్మించారు. చుట్టూ ఇసుక దిబ్బలు, చిత్తడి నేలలు. ఏటా వేలాది వలస పక్షులు అక్కడ వాలేవి. 12 ఏళ్ళకే ఆయన చేతికి తుపాకి వచ్చింది. బాల్యంలోనే కొంతకాలం బొమ్మలకు రంగులు వేయడం కూడా నేర్చుకున్నారు. ఆ చిన్న విద్యే తరువాత జీవితానికి ఆధారమవుతుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

ఆ రోజుల్లో పక్షులను కొట్టి పట్నం బజారుకు పంపడం ఒక వృత్తి. క్రోవెల్ ఆ పనే చేశారు. 1900 ప్రాంతంలో పక్షి శాస్త్రవేత్త డా. జాన్ ఫిలిప్స్ గారి వేట శిబిరానికి నిర్వాహకులయ్యారు.

వేటలో ‘దీమం’ అనే మాట మనకు ఉంది. తోటి పక్షులను నమ్మించి రప్పించే ఎర అన్నమాట. అక్కడి వేటగాళ్ళు చెక్కతో ఉల్లంకి పిట్టల వంటి బొమ్మలు చేసి, పొట్ట కింద పుల్ల గుచ్చి ఇసుకలో నిలబెట్టేవారు. పైన ఎగిరే గుంపు తమవాళ్ళే మేస్తున్నారనుకుని కిందికి దిగేది. తుపాకులు పేలేవి.

ఇలా వేటాడగా వేటాడగా పక్షులు తరిగిపోయాయి. ఎస్కిమో కర్లూ అనే తీరపు పిట్ట దాదాపు కనుమరుగైంది. 1963 తరువాత అది బ్రతికి ఉందనడానికి గట్టి ఆధారమే దొరకలేదు. చివరకు 1918లో వలస పక్షుల రక్షణ చట్టం వచ్చి, పక్షులను చంపి అమ్మడం నేరమైంది.

అయితే అంతకు ముందే, 1912 ప్రాంతంలో, 50 ఏళ్ళ వయసులో క్రోవెల్ తన దారి మార్చుకున్నారు. ఇంటి దగ్గర కొట్టంలో కూర్చుని పక్షులను చెక్కడమే వృత్తిగా పెట్టుకున్నారు. దేవదారు చెక్కను గొడ్డలితో రూపుకు తెచ్చి, కత్తితో చెక్కి, ఆకురాయితో నునుపు చేసేవారు. ఒక పిట్ట మెడ తిప్పి చూస్తుంది, మరొకటి ముక్కుతో ఈకలు సవరించుకుంటుంది. ఒక రంగు ఆరకముందే ఇంకో రంగు కలిపి, ఈక మెత్తదనం కంటికి కనబడేలా చేసేవారు. కింద గుడ్డు ఆకారంలో తన ముద్ర వేసేవారు. వేటలో గంటల తరబడి పక్షులను గమనించిన కన్నే ఇక్కడ పనికి వచ్చింది. చంపడానికి చేసిన బొమ్మ, చూసి మురిసిపోయే బొమ్మగా మారింది. అరచేతిలో పట్టే చిన్న పిట్టలను కూడా చేశారు. కుమారుడు క్లియోన్ ఆయనకు తోడయ్యాడు.

కీళ్ళవాతం వల్ల 1940ల్లో ఆయన ఉలి దించవలసి వచ్చింది. 1952 జనవరి 1న, 89వ ఏట కన్నుమూశారు. మామూలు ధరలకు అమ్ముకున్న ఆ బొమ్మల్లో రెండు, ఒక బాతు, ఒక పెద్దబాతు, 2007లో ఒక్కొక్కటి 11 లక్షల డాలర్లకు పైగా పలికాయి. ఆ డబ్బు చూసే యోగం ఆయనకు లేదు.

మిత్రులారా! ఆయన చెక్కిన నల్లపొట్ట ప్లోవర్ జాతి పక్షులు చలికాలంలో మన కోరింగ, పులికాట్ తీరాలకు కూడా వస్తాయి. ఈసారి అవి కనబడితే రాయి విసరకుండా కాసేపు నిలబడి చూద్దాం. క్రోవెల్ విద్య మొదలైంది ఆ చూపుతోనే. నేర్చుకున్నది ఏదీ వృథా పోదని, తప్పుదారిలో నేర్చినదాన్ని కూడా మంచికి మళ్ళించవచ్చని ఆయన జీవితం మనకు చెబుతోంది.