డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు: ఆగిన గుండెకు తొలి నిమిషాలు

ఆంధ్రుల కీర్తిని వైద్యలోకంలో నిలిపిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుండి మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులై, ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మన సరిహద్దు గ్రామాలవారు చికిత్సకై వెళ్లే సెంట్రల్ స్టేషను ఎదుటి పెద్దాసుపత్రి ఆ కళాశాలదే. ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురైనందున ఆయనకు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, 1923లో అమెరికా చేరారు.

హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, తదుపరి ఏటీపీని వెలికితీశారు. కండరాన్ని కదిలించే శక్తి ఈ పదార్థాలలోనే ఇమిడి ఉంది. గుండె కూడా కండరమే. రక్తప్రసరణ ఆగితే దానిలోని ఈ నిల్వ నిమిషాలలో అడుగంటుతుంది.

విధి విచిత్రమైనది. 1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్కులో నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది. అంతకు ముందు ఏడాదే క్లీవ్‌లాండులో క్లాడ్ బెక్ ఒక బాలుని ఛాతీ తెరిచి, విద్యుత్తుతో గుండెను తిరిగి కొట్టించారు. ఛాతీ తెరవకుండా ఆ పని చేయడం 1956లో పాల్ జోల్‌కు సాధ్యమైంది. నేడు అదే పనిని సామాన్యుడు సైతం చేయగల ఏఈడీ అనే చిన్న పెట్టె విమానాశ్రయాల వంటి చోట్ల కనిపిస్తుంది.

దానిని ఎప్పుడు వాడాలి? కుప్పకూలిన వ్యక్తి భుజం తట్టి పిలిచినా పలకకుండా, సరిగా శ్వాసించకుండా ఉన్నప్పుడు మాత్రమే. ఆగి ఆగి వచ్చే ఎగశ్వాస శ్వాస కాదు. ఛాతీ నొప్పితో మాట్లాడుతున్నవారికి ఏఈడీ వద్దు, వారిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

మొదట 108కి ఫోను చేయించి, పెట్టెను తెప్పించాలి. అది వచ్చేవరకు ఛాతీ నడుమ నిమిషానికి 100 నుండి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్ల లోతున నొక్కుతూ ఉండాలి. పెట్టె తెరిచి, మీట నొక్కి, అది పలికే సూచనలు పాటించాలి. తడి తుడిచిన ఛాతీపై కుడి మెడ ఎముక క్రింద ఒక అతుకు, ఎడమ చంక క్రింద మరొకటి అంటించాలి. పరీక్షించేటప్పుడు, విద్యుత్తు ఇచ్చేటప్పుడు రోగిని ఎవరూ తాకరాదు. అవసరం లేనిచో యంత్రం విద్యుత్తు ఇవ్వదు. అనంతరం వెంటనే నొక్కడం కొనసాగించాలి.

పల్లెలో పెట్టె లేకున్నా చేతులున్నాయి. సుబ్బారావుగారు గుర్తించిన ఆ శక్తి అడుగంటకముందే అవి కదలాలి.