దీపం వెనుక లెక్కల పుస్తకం

దావీదు రాజు జనసంఖ్య లెక్కించినందుకు దేశం మీదికి తెగులు వచ్చిన సంగతి 2 సమూయేలు 24వ అధ్యాయంలో చదువుతాం. అందుకేనేమో, మన సంఘాల్లో కొందరికి లెక్కలంటే అనుమానం. ఆత్మల సంగతికి అంకెలెందుకని అడుగుతారు. అయితే అదే బైబిల్లో ఒక గ్రంథానికి సంఖ్యాకాండమని పేరుంది. ప్రభువు చెప్పిన ఉపమానంలోని కాపరి కూడా లెక్క చూసుకున్నాడు గనకే నూరింటిలో ఒక గొర్రె తప్పిపోయిందని తెలుసుకున్నాడు. లెక్క ఎప్పుడు అతిశయానికి, ఎప్పుడు ప్రేమకు పనికొస్తుందన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నతో జీవితమంతా పెనుగులాడిన ఒక స్త్రీని మనం పాఠ్యపుస్తకంలో దీపం పట్టుకున్న బొమ్మగా మాత్రమే చూశాం.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో, సంపన్న ఆంగ్లేయ కుటుంబంలో పుట్టింది. పదహారేళ్ల వయసులో, 1837 ఫిబ్రవరి 7న, దేవుడు తనను సేవకు పిలిచాడని నమ్మింది. ఆ సేవ ఏమిటో తేలడానికి ఏళ్లు పట్టింది. నర్సు పని గౌరవమైన ఇళ్ల ఆడపిల్లలు చేసేది కాదని ఇంట్లో అడ్డుపడ్డారు. చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో పాస్టర్ థియోడర్ ఫ్లీడ్నర్ స్థాపించిన ప్రొటెస్టెంట్ డీకనెస్‌ల ఆసుపత్రిలో మూడు నెలలు శిక్షణ పొందింది.

1854 నవంబర్‌లో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. క్రిమియా యుద్ధంలో గాయపడినవారు, జబ్బుపడినవారు ఓడల్లో అక్కడికి వచ్చేవారు. ఆమె వంటశాల పెట్టించింది, దుప్పట్లు తెప్పించింది, రాత్రిళ్లు మంచాల మధ్య తిరిగింది. ఇదంతా మనకు తెలిసిందే. తెలియనిదేమిటంటే, ఆమె వెళ్లాక కూడా మరణాలు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో చికిత్స పొందిన ప్రతి నూరుమందిలో 42 మందికి పైగా చనిపోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుధ్య సంఘం వచ్చింది. మురుగు కాలువలు కడిగించింది, చచ్చిన పశువుల కళేబరాలను తీయించింది, గాలి ఆడే ఏర్పాటు చేసింది. జూన్ నాటికి మరణాలు నూటికి రెండుకు దిగాయి.

1856లో స్వదేశానికి తిరిగి వచ్చినప్పుడు ఆమె అభిప్రాయం వేరు. తిండి, బట్ట సరిగా అందక, బాగా నీరసించాక ఆసుపత్రికి తేవడం వల్ల సైనికులు చనిపోయారని ఆమె అనుకుంది. రాయల్ కమిషన్ కోసం జనన మరణాల కార్యాలయంలోని విలియం ఫార్‌తో కలిసి లెక్కలు వేయసాగింది. ఆ లెక్కలు ఆమెను ఆ అభిప్రాయం దగ్గర ఉండనివ్వలేదు. యుద్ధభూమికి దగ్గరున్న రెజిమెంటు ఆసుపత్రులకన్నా స్కుటారిలోనే ఎక్కువ శాతం చనిపోయారు. తాను రాత్రింబవళ్లు సేవ చేసిన చోటే! పరిచర్యలో ఉన్నవారెవరికైనా ఇంతకన్నా చేదు మాత్ర ఉండదని మనకనిపిస్తుంది. 1857లో ఆమె ఆరోగ్యం కూలిపోవడానికి ఈ లెక్కే కారణమని ఒక జీవితచరిత్రకారుడు వాదించాడు. జ్వరం తెచ్చిన దీర్ఘవ్యాధే కారణమని మరికొందరంటారు. ఏదైనా, ఆమె ఆ అంకెలను దాచలేదు. అచ్చువేయించి పంచిపెట్టింది.

అక్కడ మరో తగాదా వచ్చింది. నివేదికలో అంకెలు పొడిగా ఉండాలి, మనసును కదిలించే ప్రయత్నం చేయకూడదని ఫార్ పట్టు. అంకెల పట్టికలు చూసి మంత్రులెవరూ కదలరని ఆమె వాదం. అందుకే రంగుల బొమ్మలు గీయించింది. మొదటి రకం బొమ్మలో మరణాల సంఖ్యను గీత పొడవుతో చూపించారు. కన్ను మాత్రం వైశాల్యాన్ని చూస్తుంది కాబట్టి పెద్ద అంకె ఉన్నదానికన్నా మరీ పెద్దదిగా కనబడింది. తన వాదానికి లాభమే అయినా ఆమె దాన్ని వదిలి, వైశాల్యమే సంఖ్యకు సరిపోయే బొమ్మ వేయించింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. అందులో చేరిన మొదటి స్త్రీ ఆమే.

వసంతం వచ్చింది గనక, వచ్చే రోగులు తగ్గారు గనక మరణాలు వాటంతటవే తగ్గి ఉండవచ్చు కదా అని అడిగేవారికి చోటుంది. అడగదగిన ప్రశ్నే. 'ముందు, తరువాత' చూసినంత మాత్రాన కారణం తేలదు. అయితే ఆమె యుద్ధం మాటే లేని మరో లెక్క కూడా చూపించింది. శాంతికాలంలో ఇంగ్లండ్‌లోని బ్యారక్‌లలో ఏటా వెయ్యికి 17 నుంచి 20 మంది సైనికులు చనిపోతుంటే, అదే వయసు పౌరుల్లో 11 మందే. వైద్యపరీక్ష చేసి ఆరోగ్యవంతులనే సైన్యంలోకి తీసుకున్నా ఇలా ఉందంటే తప్పు మనుషుల్లో కాదు, కట్టడాల్లో ఉందని ఆమె చూపించింది.

అన్నిసార్లూ ఆమెదే పైచేయి కాలేదు. 1863లో ఆసుపత్రుల గురించిన తన పుస్తకపు మూడో ముద్రణలో ఫార్ తయారుచేసిన పట్టిక వేసింది. దాని ప్రకారం లండన్‌లోని 24 ఆసుపత్రుల్లో మరణాలు నూటికి 90కి పైనే! వైద్యులు మండిపడ్డారు. వారి కోపానికి కారణం లేకపోలేదు. ఒక మంచం మీద ఏడాదిలో పదిమంది ఒకరి తర్వాత ఒకరు పడుకున్నారనుకుందాం. ఒకరు చనిపోయారు. పదిమందిలో ఒకరా, ఒక మంచానికి ఒకరా? ఫార్ ఏడాది మరణాలను జనాభా లెక్కల రోజున మంచాల మీదున్నవారి సంఖ్యతో భాగించాడు. వైద్యులు ఏడాదంతా వచ్చినవారి సంఖ్యతో భాగించమన్నారు. ప్రాణం మీదికి వచ్చిన కేసులు పెద్ద ఆసుపత్రులకే వస్తాయి, చిన్న ఊళ్ల ఆసుపత్రులతో పోలికేమిటని కూడా అడిగారు. ఈ మాటలో వైద్యులదే న్యాయమని మనకు తోస్తుంది. మన సువార్త కూటాల నివేదికల్లోనూ ఇదే చిక్కుంది. చేయెత్తినవారిని లెక్కించాలా, మరుసటి ఏడు ఆరాధనలో కనబడ్డవారినా?

ఆమె నమ్మకాలన్నీ మన విశ్వాస ప్రమాణాలకు సరిపోతాయని చెప్పలేం. సూక్ష్మజీవుల సిద్ధాంతాన్ని ఒప్పుకోవడానికీ ఆమె చాలాకాలం తటపటాయించింది. కానీ దేవుడు నియమాల ద్వారా లోకాన్ని నడిపిస్తాడనీ, లెక్కలు వేయడమంటే ఆ నియమాలను వెదకడమేననీ గట్టిగా నమ్మింది. మురుగు కాలువను అలాగే వదిలేసి, కలరా నుంచి కాపాడమని ప్రార్థించడం ఆమెకు భక్తిగా తోచలేదు. ఈ మాట మీద మనలో ఎంతమందికి మనసు నొచ్చుకుంటుందో! వాన వెలిశాక మన చర్చి కాంపౌండ్ల బయట నిలిచే నీళ్లు చూస్తే కాదనడం కష్టం.

మన దేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. అయినా ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 నాటి కమిషన్ తేల్చిన వెనుక ఆమె శ్రమ ఉంది. తరువాత ఆమె చూపు సైనికుల నుంచి రైతుల మీదికి మళ్లింది. కరువుకు విరుగుడు నీళ్లేనని వాదించిన, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మన కాటన్ దొరతో ఉత్తరాలు నడిపింది, ఆయన పక్షాన రాసింది.

1891లో, డెబ్బై దాటిన వయసులో, ఆక్స్‌ఫర్డ్‌లో గణాంకాలు బోధించే ఆచార్య పదవి పెట్టించాలని ఫ్రాన్సిస్ గాల్టన్‌తో సంప్రదించింది. ఆ పని జరగలేదు. 1910 ఆగస్టు 13న కన్నుమూసింది. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో సమాధి చేస్తామన్నా కుటుంబం వద్దంది. ఈస్ట్ వెలో గ్రామంలోని చర్చి ఆవరణలో ఉన్న రాయి మీద ఆమె పేరులోని రెండు తొలి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రమే చెక్కి ఉన్నాయి.