టైటిల్ జాగిలానిదా, శిక్షకుడిదా?

జార్ఖండ్‌లోని సారండా అడవుల్లో మందుపాతరల కోసం గాలించే కేంద్ర బలగాల ముందు తరచూ ఒక జాగిలం నడుస్తుంది. దాని ముక్కు పొరబడితే వెనుక వచ్చే జవాను ప్రాణానికే ముప్పు. ఆ అడవులున్న సింగ్‌భూమ్ ప్రాంతంలోనే జంషెడ్‌పూర్ ఉంది. ఆ నగరం పుట్టిన చోటు సాక్చి. ఉక్కు కర్మాగారంలో పనికి వెళ్లి తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. జాగిలాల పెంపకంలోనూ ఆ నగరానికి పేరుంది. జంషెడ్‌పూర్ కెన్నెల్ క్లబ్ డాగ్ షోలు తూర్పు భారతంలో బాగా తెలిసినవి. షోలో రూపానికి కప్పు వస్తుంది. పనికి టైటిల్ రావాలంటే మాత్రం శిక్షణ, పరీక్ష తప్పవు. యజమానికి అంత తీరిక, నేర్పు లేనప్పుడు జాగిలాన్ని వృత్తి శిక్షకుడికి అప్పగిస్తాడు. ఎవరికి అప్పగించాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతికేవారు ముందుగా తెలుసుకోవలసింది, టైటిల్ అనే ఏర్పాటుకు పునాది వేసిన ఒక జర్మన్ సైనికాధికారి జీవితం. ఆయన పేరు మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్.

1864 డిసెంబరు 30న డ్రెస్డెన్‌లో ఒక ఉన్నత కుటుంబంలో స్టెఫానిట్జ్ పుట్టాడు. వ్యవసాయం మీద మనసున్నా, ఇంట్లోవారి కోరిక మేరకు సైన్యంలో చేరి అశ్వికదళ అధికారి అయ్యాడు. కొంతకాలం బెర్లిన్‌లోని పశువైద్య కళాశాలలో పనిచేశాడు. ఎముకల అమరిక, కండరాల కదలిక, సంతానానికి సంక్రమించే లక్షణాల గురించి అక్కడ నేర్చుకున్నది ఆయనకు జీవితాంతం ఉపయోగపడింది. పల్లెల్లో గొర్రెల మందలను కాసే కుక్కలను గంటల తరబడి గమనించేవాడు. కాపరి చిన్న సైగ చేస్తే వందల గొర్రెలను పొలం గట్టు దాటకుండా తిప్పే ఆ కుక్కల తెలివి ఆయన్ను కట్టిపడేసింది. కెప్టెన్ హోదాకు చేరాక ఒక నటిని పెళ్లాడాడు. నాటి అధికారి వర్గం ఆ పెళ్లిని తమ హోదాకు తగనిదిగా చూసింది. సైనిక జీవితం అంతటితో ముగిసింది. బవేరియాలోని గ్రాఫ్రత్‌లో ఎస్టేటు కొనుక్కుని కుక్కల పెంపకంలోకి దిగాడు.

1899 ఏప్రిల్ 3న మిత్రుడు ఆర్తుర్ మేయర్‌తో కలిసి కార్ల్స్‌రూయెలో డాగ్ షో చూడటానికి వెళ్లాడు. తోడేలు పోలికలున్న ఒక గొర్రెల కాపరి కుక్క అక్కడ ఆయన కంటబడింది. అందులో బలం ఉంది, నిలకడ ఉంది, పని చేయాలన్న తపన ఉంది. అక్కడికక్కడే కొనేసి హోరాండ్ ఫాన్ గ్రాఫ్రత్ అని పేరు మార్చాడు. అదే నెల 22న జర్మన్ షెపర్డ్ జాగిలాల సంఘాన్ని నెలకొల్పి తొలి అధ్యక్షుడయ్యాడు. సంఘం వంశావళి పుస్తకంలో మొదటి నంబరు హోరాండ్‌దే. ప్రపంచంలోని జర్మన్ షెపర్డ్‌లన్నిటి మూలాలు ఆ పుస్తకం దగ్గరికే చేరతాయి.

అయితే అప్పటికే జర్మనీలో కర్మాగారాలు పెరిగి, గొర్రెల మందలు తగ్గుతున్నాయి. మంద లేని కాపరి కుక్క ఏం చేయాలి? షోలలో నిలబెట్టి అందం చూసి కప్పులిస్తే రెండు మూడు తరాల్లోనే పనితనం పోతుందని స్టెఫానిట్జ్ గ్రహించాడు. అందుకే పోలీసులకు, సైన్యానికి తన జాగిలాలను పరిచయం చేశాడు. బెల్జియంలోని ఘెంట్ నగర పోలీసులు జాగిలాలతో రాత్రి గస్తీ మొదలుపెట్టింది కూడా 1899లోనే. మొదట్లో జర్మన్ అధికారులు పెద్దగా ఆసక్తి చూపలేదు. ఫలితాలు కళ్లారా చూశాక వారి అభిప్రాయం మారింది.

పని మారినా పనితనాన్ని కొలిచే పద్ధతి ఒకటి ఉండాలి. మంద దగ్గర కాపరికి ఏ పరీక్షా అక్కర్లేదు, కుక్క సత్తా రోజూ కళ్లముందే తేలిపోతుంది. ఊళ్లో యజమాని మాత్రం తన కుక్కే గొప్పదంటాడు. ఆ మాట నిజమో కాదో బయటివాడు తేల్చాలి. అలా రూపుదిద్దుకున్నదే షుట్జ్‌హుండ్, అంటే రక్షణ జాగిలం పరీక్ష. అంతర్జాతీయ నియమాల్లో దాన్ని 2019 నుంచి ఐజీపీ అంటున్నారు. ఇందులో మూడు అంచెలు, ఒక్కోదానికి 100 మార్కులు. మొదటిది నేలమీది అడుగుల వాసన పట్టి వెళ్లి, దారిలో పడేసిన వస్తువులను చూపడం. రెండోది విధేయత: పక్కన నడవడం, గెంతడం, వస్తువు తెచ్చివ్వడం, తుపాకి పేలినా బెదరకపోవడం. మూడోది రక్షణ: దాక్కున్న మనిషిని వెతికి పట్టి, కరవకుండా మొరిగి కాపలా కాయడం, అతడు ఎదురుతిరిగితే చేతి తొడుగును గట్టిగా పట్టుకోవడం, ఒక్క మాటకే వదిలేయడం. ఆ వదిలేయడంలోనే శిక్షణ నాణ్యత తెలుస్తుంది. తీర్పు ఇచ్చేది శిక్షకుడు కాదు, యజమాని కాదు. సంబంధం లేని న్యాయనిర్ణేత.

ఈ ఆలోచన సాక్చికి కొత్తది కాదు. 1907 చివర్లో కర్మాగారానికి ఎంపికైన ఆ పల్లెలో 1912లో తొలి ఉక్కు తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడి పట్టాలు మెసొపొటేమియా రంగానికి వెళ్లాయి. అందుకు గుర్తింపుగానే 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టాడు. తయారీదారు మాట నమ్మి రైలు పట్టా ఎవరూ కొనరు. బరువు మోపి, వంచి, పరీక్షించి కొంటారు. జాగిలం విషయంలోనూ స్టెఫానిట్జ్ కోరింది అదే.

అదే యుద్ధంలో ఆయన పెంచిన జాతి జాగిలాలు కందకాల మధ్య సందేశాలు మోశాయి, గాయపడిన సైనికులను వెతికాయి. యుద్ధంలో చూపు కోల్పోయినవారి కోసం 1916లో ఓల్డెన్‌బర్గ్‌లో మార్గదర్శక జాగిలాల పాఠశాల మొదలైంది. శిక్షణ పద్ధతులను శాస్త్రంగా మలిచినవాడు మరో జర్మన్, పోలీసు అధికారి కొన్రాడ్ మోస్ట్. 1910లో వచ్చిన ఆయన పుస్తకం దశాబ్దాల పాటు ప్రామాణికంగా నిలిచింది. శిక్ష అయినా బహుమతి అయినా సరిగ్గా ఆ క్షణంలో అందితేనే కుక్కకు అర్థమవుతుందని మోస్ట్ చూపాడు. ఆయన పద్ధతుల్లో బలప్రయోగం పాలు ఎక్కువ. నేటి మంచి శిక్షకులు ఆ సమయపాలనను ఉంచుకుని, కొట్టడాన్ని వదిలేశారు.

యుద్ధం తర్వాత విదేశాల్లో గిరాకీ పెరిగింది. డబ్బుతోపాటే జబ్బు కూడా వచ్చింది. జాగిలాలు అతి ఎత్తుగా పెరుగుతున్నాయి, స్వభావం చెడుతోంది. 1925 జాతీయ షోలో స్టెఫానిట్జ్ ఎత్తు తక్కువ, పొడవైన శరీరం ఉన్న క్లోడో ఫామ్ బాక్స్‌బర్గ్‌ను విజేతగా ప్రకటించి పెంపకందారులను ఉలిక్కిపడేలా చేశాడు. కానీ ఆయన చివరి రోజులు ప్రశాంతంగా సాగలేదు. సంఘంలో నాజీల ఒత్తిడి పెరిగి 1935లో పదవి వదులుకున్నాడు. 1936 ఏప్రిల్ 22న, సంఘం 37వ పుట్టినరోజునే కన్నుమూశాడు. వంశశుద్ధి గురించి ఆయన రాతల్లో నాటి జర్మన్ జాతి దురభిమానం ఛాయలు ఉన్నాయన్నదీ దాచవలసిన విషయం కాదు.

ఆయన భయపడ్డది తర్వాత చాలావరకు జరిగింది. జర్మన్ షెపర్డ్ షో వంశాలుగా, పని వంశాలుగా చీలిపోయింది. వాలు వీపుతో షో బరిలో మెరిసే జాగిలం కొండ ఎక్కలేకపోవచ్చు. నేడు సీఆర్‌పీఎఫ్, ఎన్‌ఎస్‌జీ బెల్జియన్ మాలినోయిస్‌ వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు శిక్షకుడి సంగతి. మొదట అడగవలసింది ఆయన ధ్రువపత్రాలను కాదు, ఆయన టైటిల్ తెప్పించిన జాగిలాల మార్కుల పుస్తకాలను. ఏ న్యాయనిర్ణేత ముందు, ఏ మైదానంలో నెగ్గాయో చూడాలి. తాను రోజూ శిక్షణ ఇచ్చే స్థలంలో, అలవాటైన మనిషి కట్టుకున్న తొడుగును పట్టించి చూపితే అది ప్రదర్శన మాత్రమే. కొత్త చోట, కొత్త మనిషి ఎదుట పనిచేసినదే నిజమైన జాగిలం. రక్షణ శిక్షణలో దొంగ పాత్ర వేసే సహాయకుడిని కూడా విడిగా గమనించాలి. తొందరపడి భయపెడితే పడుచు జాగిలం ధైర్యం జీవితాంతానికి చెదిరిపోతుంది. మొదటి అంచె ఐజీపీ పరీక్షకే కనీసం 18 నెలల వయసుండాలి. కొద్ది నెలల్లో టైటిల్ ఖాయమని మాట ఇచ్చేవాడికి దూరంగా ఉండటం మేలు. ఈ కుక్క ఈ పనికి పనికిరాదని ముఖం మీద చెప్పగల శిక్షకుడే నమ్మదగినవాడు. పిరికి కుక్కకు కరవడం నేర్పితే కాలనీ పిల్లలకే ప్రమాదం.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. శిక్షకుడి దగ్గర వదిలిన జాగిలం టైటిల్‌తో తిరిగొచ్చి, యజమాని మాట వినకపోతే ఆ టైటిల్ శిక్షకుడిదే అవుతుంది. మీరట్‌లోని సైనిక కేంద్రంలో, టెకన్‌పూర్‌లోని బీఎస్‌ఎఫ్ శిక్షణ కేంద్రంలో, హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్ అకాడమీలో జాగిలంతోపాటు హ్యాండ్లర్‌కూ శిక్షణ ఇచ్చేది అందుకే. 1993 ముంబయి పేలుళ్ల తర్వాత పేలుడు పదార్థాలు పట్టించిన జంజీర్ అయినా, 2022లో అనంతనాగ్ ఎదురుకాల్పుల్లో గాయపడి మరణించిన సైనిక జాగిలం జూమ్ అయినా ఒంటరిగా పనిచేయలేదు. వాటి వెనుక వాటి భాష తెలిసిన మనిషి ఉన్నాడు. యజమానిని కూడా మైదానంలోకి దింపి నేర్పే శిక్షకుడినే ఎంచుకోవాలి.

భద్రతా బలగాలకు, పరిశ్రమలకు జాగిలాలు, శిక్షణ సేవలు అమ్మే ప్రైవేటు సంస్థలు పెరుగుతున్నాయి. టైటిల్ చూసి కొనే ముందు, ఆ పరీక్షను మళ్లీ తమ మైదానంలో, తమ న్యాయనిర్ణేత ముందు, తమ హ్యాండ్లర్‌తో పెట్టించే నిబంధన ప్రతి కొనుగోలు ఒప్పందంలో ఉండాలి. అందులో నెగ్గని జాగిలాన్ని మందుపాతరల దారిలో ముందు నడిపించే హక్కు ఎవరికీ లేదు.