58వ ఏట అంతరిక్షానికి – కార్ల్ హెనైజ్

మన సర్వీసులో ఒకప్పుడు 58 నిండితే ఛార్జి అప్పగించి, దండ వేయించుకుని ఇంటికి రావడమే ఉండేది. అదే 58వ ఏట ఒకాయన మొదటిసారి అంతరిక్షానికి వెళ్ళారు. ఆయన కార్ల్ హెనైజ్. ఆయన గురించి మన సభ్యులకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

1926లో అమెరికాలోని సిన్సినాటిలో పుట్టిన ఖగోళ శాస్త్రజ్ఞుడాయన. దక్షిణాఫ్రికా నుండి ఆకాశాన్ని ఫొటోలు తీసి, వందలాది నక్షత్రాలకు పట్టిక కట్టారు. 1967లో నాసా 11 మంది శాస్త్రజ్ఞులను వ్యోమగాములుగా తీసుకుంటే అందులో ఆయన ఒకరు. నలభై దాటాక జెట్ విమానం నడపడం నేర్చుకున్నారు. కానీ పైకి వెళ్ళడానికి ఖాళీలేవి? ప్యానెల్‌లో పేరుండీ ప్రమోషన్ రాని బాధ మనకు తెలియనిదా! 1973లో స్కైలాబ్‌లో ఆయన పరికరం ఎగిరింది గాని, ఆయన నేలమీదే ఉన్నారు. అలా 18 ఏళ్ళు.

చివరకు 1985లో చాలెంజర్ నౌకలో స్పేస్‌లాబ్-2 యాత్ర. ఒకే ప్రయాణంలో 13 ప్రయోగాలు. సూర్యుణ్ణి చూసే దూరదర్శినులకు నౌక అటు తిరగాలి. హీలియంతో చల్లబరచిన పరారుణ దూరదర్శినికి ఆ వేడి సోకరాదు. కాస్మిక్ కిరణాలను లెక్కించేది ఒకటి, మొక్కలపై ప్రయోగం ఒకటి, బయటికి వదిలి చుట్టూ తిరగవలసినది ఇంకొకటి. కరెంటు కొలత ప్రకారమే, మనుషులు ఏడుగురే. ఏ వేళకు ఎవరి వంతో ముందే రాసుకోవాలి. ఒక్క హాలును ఒకే వారంలో పదమూడు సంఘాలకు కేటాయించి చూస్తే ఆ కష్టం తెలుస్తుంది. 1977లో ఈ పద్ధతిని విమానంలో నమూనాగా చేసి చూసినప్పుడే హెనైజ్ గారు ఆ బృందంలో ఉన్నారు.

జూలై 29న ఎగిరిన ఆరు నిమిషాలలోపే మూడు ఇంజన్లలో ఒకటి ఆగిపోయింది. నౌక అనుకున్నదానికంటే తక్కువ ఎత్తులో నిలిచింది. ఎత్తు మారితే భూమిని చుట్టే వేళలు మారతాయి. కట్టిన పట్టికంతా తిరగరాయవలసిందే. సూర్యుడికి గురిపెట్టే యంత్రమూ మొదట మొరాయించింది. కింద ప్లానింగు వాళ్ళు కొత్త పట్టికలు వేసి పంపుతుంటే, పైన వాళ్ళు 12 గంటల షిఫ్టుల్లో పనిచేశారు. యాత్రను ఒకరోజు పొడిగించారు. ఇంజన్ సంగతి అందరూ రాస్తారు గాని, ఈ కాగితం పని ఎవరికీ పట్టదు. నా ఉద్దేశంలో ఆ యాత్రను దక్కించినది అదే. ఆగస్టు 6న క్షేమంగా దిగారు.

1986లో వ్యోమగామి పదవి వదిలినా నాసాలోనే శాస్త్రజ్ఞుడిగా కొనసాగారు. 1993లో, 66 ఏళ్ళ వయసులో, ఎత్తు పెరిగేకొద్దీ రేడియేషన్ ఎలా మారుతుందో కొలిచే నాసా పరికరంతో ఎవరెస్టు ఉత్తరపు వైపు వెళ్ళారు. అక్కడ ఊపిరితిత్తుల్లో నీరు చేరి అక్టోబరు 5న మరణించారు. ఆ కొండమీదే సమాధి చేశారు.