ఆల్చిప్పల విందు – సర్ జార్జి విలియమ్స్ జీవితము

యౌవనస్థుల కూడిక అనగానే మన సంఘ పెద్దలకు రెండు భయములు. ఒకటి, పిల్లలు రారేమోనని. రెండవది, వచ్చి నవ్వుతారేమోనని. మేము కాపరులము గనుక ఈ రెండింటినీ బాగుగా ఎరుగుదుము. ఒక ఊరిలో సేవ చేయుచున్న కాలములో, గుడి ఆవరణలో యౌవనస్థుల ఆటలు, కేకలు మితిమీరాయని ఫిర్యాదు రాగా, మేము తొందరపడి ఆటలు మాన్పించి, ఆ సమయము కూడ వాక్యోపదేశమునకే కేటాయించాము. కొద్ది నెలలకు కూడికలో మిగిలినది పెద్దల పిల్లలు కొందరు, పాటలు పాడే అమ్మాయిలు ముగ్గురు మాత్రమే. వాలీబాల్ కోసము వచ్చి, ఆట ముగిసిన తరువాత చెమట తుడుచుకుంటూ వెనుక బల్లమీద కూర్చునే కుర్రవాళ్లు మరల కనబడలేదు. ఆ రోజులలోనే, వేదాంత కళాశాలలో ఎప్పుడో చదివి మరచిన ఒక భక్తుని చరిత్రను మరల తెరిచాము. ఈ శతాబ్ది సంచికలో దానిని సంఘస్థుల ఎదుట ఉంచుచున్నాము.

జార్జి విలియమ్స్ 1821 అక్టోబరు 11వ తేదీన ఇంగ్లండు దేశములోని సోమర్సెట్ ప్రాంతములో, డల్వర్టన్ అను చిన్న ఊరికి సమీపమున ఒక రైతు ఇంట జన్మించారు. ఎనిమిదిమంది అన్నదమ్ములలో కడగొట్టువాడు. బడి మాని పొలము పనిలో ప్రవేశించిన తరువాత, ఒకనాడు గడ్డిబండి తోలుకొని వచ్చుచుండగా బండి కాస్తా గుంటలో బోల్తాపడింది. వీడు సేద్యమునకు పనికిరాడని ఇంటివారు తేల్చి, 1836లో బ్రిడ్జ్‌వాటర్ పట్టణములో ఒక బట్టల వర్తకుని వద్ద పని నేర్చుకొనుటకు పెట్టారు. ఆ బండి తిన్నగా ఇల్లు చేరియుంటే వై.ఎం.సి.ఎ. చరిత్ర ఎట్లుండేదో అని మేము అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాము.

బ్రిడ్జ్‌వాటరుకు వచ్చినప్పుడు ఆయన ఏమంత భక్తిపరుడు కాడు. తాను అప్పుడు దేవుని ఎరుగని, నోటికి అదుపులేని పిల్లవాడినని తరువాతి కాలములో తానే ఒప్పుకునేవారు. 1837 చలికాలములో ఒక ఆదివారపు సాయంత్రము కాంగ్రిగేషనల్ గుడిలో ప్రసంగము విని, తిరిగి వచ్చి, దుకాణము వెనుక భాగమున మోకరించి తన్నుతాను ప్రభువుకు అప్పగించుకున్నారు. మరుసటి సంవత్సరము ఆ సంఘములో సభ్యులయ్యారు.

1841లో లండను చేరి, సెయింట్ పాల్ దేవాలయము ఎదుటనున్న హిచ్‌కాక్ అండ్ రోజర్స్ అను గొప్ప బట్టల దుకాణములో పనికి నిలిచారు. కుర్రవాడు మరీ పొట్టిగా ఉన్నాడని యజమాని మొదట సందేహించి, తరువాత ఏమనుకున్నారో, చూద్దామని చేర్చుకున్నారు. ఆ దుకాణములో సుమారు 140 మంది గుమాస్తాలు పనిచేసేవారు. పొద్దున్నే మొదలైన పని రాత్రి తొమ్మిదింటి వరకు సాగేది. అట్లు వారమునకు ఆరు దినములు. పడక కూడ దుకాణము పైనున్న గదులలోనే. ఇరుకు గదులు, ఒక మంచముమీద ఇద్దరేసి. పని ముగిసిన తరువాత పోవుటకు సారాయి అంగడి ఉన్నది, దానిని మించిన చెడ్డ వీధులు ఉన్నవి. పల్లెల నుండి, తల్లిదండ్రులను విడిచి వచ్చిన ఈ కుర్రవాళ్లకు స్నేహితులు ఎవరు? ఎవరు ముందుగా పలకరిస్తే వారే. హైదరాబాదులోనో విశాఖలోనో హాస్టలు గదులలో మన పిల్లలను చూచి వచ్చిన తల్లిదండ్రులకు ఇది వేరుగా వివరించనక్కరలేదు.

విలియమ్స్ తన గదిలో ఇద్దరు ముగ్గురితో ప్రార్థన ప్రారంభించారు. ఇంకా మారుమనస్సు పొందని తోటి గుమాస్తాల పేర్లు వ్రాసుకొని, ఒక్కొక్కరి కొరకు పేరుపేరున ప్రార్థించేవారు. ఇంతవరకు ఏ భక్తుని చరిత్రలోనైనా చదువుతాము. మమ్మును ఆపి ఆలోచింపజేసినది ఆ తరువాతి సంగతి.

ఆ గుమాస్తాలలో ఒకడు ప్రార్థనకు పోవువారిని ఎగతాళి చేయుటలో ఆరితేరినవాడు. నలుగురిని కూర్చోబెట్టి నవ్వించగల నేర్పు ఉన్నవాడు. వాని మాటకు జడిసి, వత్తామనుకొన్నవారు కూడ వెనుకకు తగ్గేవారు. మనమైతే ఏమి చేసియుందుము? పెద్దలకు చెప్పియుందుము, లేదా వాని పేరు ఎత్తకుండనే వానికి తగిలేటట్లు ఒక ప్రసంగము చేసియుందుము. (ఈ రెండవ విద్యలో కాపరులము కొంత ప్రవీణులమే.) విలియమ్స్ మాత్రము స్నేహితులను పిలిచి, వానికి ఇష్టమైనది ఏమిటని విచారించారు. ఎవరో ఆలోచించి, ఆల్చిప్పలంటే ప్రాణమని చెప్పారు. అయితే ఆల్చిప్పల విందు చేద్దామన్నారు విలియమ్స్.

ఆల్చిప్పలనగానే పెద్ద ఖర్చనుకోకండి. ఆ రోజులలో లండనులో అది పేదవాని తిండి. మనకు సందు మొదట్లో మిరపకాయ బజ్జీలు దొరికినట్లు అక్కడ వీధులలో దొరికేవి. కుర్రవాళ్లు తలా కొంత వేసుకొని విందు ఏర్పాటుచేసి, ఆ ఎగతాళి చేసేవానిని పిలిచారు. ఈ ముఖాలు మాడ్చుకొనే భక్తులు విందు ఎట్లు చేస్తారో చూద్దామనే వాడు వచ్చి ఉంటాడు. తీరా వచ్చి చూస్తే వారు తింటున్నారు, నవ్వుతున్నారు, హాస్యములాడుచున్నారు. ఆ పూట ఎవరూ వానికి ఉపదేశము చేయలేదు. ఇక వాని వంతు వచ్చింది. విందు తిని, వారు పిలిచినచోటికి పోకుండుట మర్యాద కాదు గనుక ప్రార్థనకూటమునకు వచ్చాడు. రాగా రాగా ప్రభువును అంగీకరించాడు. తరువాత వై.ఎం.సి.ఎ. స్థాపించిన మొదటి పన్నెండుమందిలో వాడూ ఒకడయ్యాడు.

ఇది ఎర వేసి చేపను పట్టే ఉపాయము వంటిదే కదా అని మాతో ఒకరు వాదించారు. మేము అట్లు తలంచము. ఎర వేసేవాడు చేపతో కలిసి భోజనము చేయడు. విలియమ్స్ వానితో కూర్చున్నారు, తిన్నారు, నవ్వారు. ఆ రాత్రి తరువాత వాడు ప్రార్థనకు రాకపోయినా ఆ విందు వృథాపోయేది కాదు. పైగదులలో శత్రువుగా ఉన్నవాడు స్నేహితుడయ్యాడు గదా.

కూటములు పెరిగాయి. యజమాని హిచ్‌కాక్ గారే మారుమనస్సు పొంది గుమాస్తాల పక్షమున నిలిచారు. ఇతర దుకాణములలోని కుర్రవాళ్ల సంగతి ఏమిటని విలియమ్స్‌కు చింత పట్టుకుంది. ఒక ఆదివారపు సాయంత్రము బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన దాటుచు, తోడుగా నడచుచున్న ఎడ్వర్డ్ బోమంట్ అను మిత్రునితో ఆ మాట కదిపారు. 1844 జూన్ 6వ తేదీన పన్నెండుమంది ఆయన పడకగదిలో కూడి సంఘమును స్థాపించారు. విలియమ్స్‌కు అప్పటికి ఇరువదిరెండేండ్లు. వారు ఆంగ్లికన్, కాంగ్రిగేషనల్, బాప్టిస్టు, మెథడిస్టు అను నాలుగు శాఖలకు చెందినవారు. మన దక్షిణ ఇండియా సంఘము 1947లో ఏర్పడుటకు పెద్దలు ఎన్ని సంవత్సరములు, ఎన్ని సభలు జరిపారో తలచుకుంటే, ఆ కుర్రవాళ్లు మంచములమీద కూర్చునే శాఖల గోడలు దాటిన సంగతి ముచ్చటగా తోచును. త్వరలోనే గది చాలక, దగ్గరలోని ఒక కాఫీ హోటలులో వారమునకు రెండున్నర షిల్లింగులకు ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఆ సంవత్సరము నవంబరులో తేనీటి విందు చేసుకొని పని ఎట్లు సాగినదో చెప్పుకున్నారు. ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు ఎక్కడ వచ్చినా అక్కడ తినడమో త్రాగడమో కనబడుతూనే ఉంటుంది.

అట్లని విలియమ్స్‌ను వినోదప్రియునిగా చిత్రించుట సత్యము కాదు. మద్యమును, పొగాకును కడవరకు వ్యతిరేకించారు. సంఘము పెరిగినకొలది వినోదములకు చోటివ్వవచ్చునా అను తగవు వచ్చినప్పుడు, లండను నాయకులు చాలాకాలము భయపడ్డారు. విలియమ్స్ కూడ ప్రార్థన, వాక్యము వెనుకబడిపోవునేమోనని బెంగపడేవారు. మా అభిప్రాయములో ఆ బెంగ ఉత్తది కాదు. ఆటలు మాత్రమే మిగిలి ప్రార్థన మాయమైన యువజన సంఘములు మనమూ చూచియున్నాము. అయితే తాను పుట్టించిన సంఘము ఆయన అనుకొన్నదానికంటె ముందుకు నడిచింది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాల ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టాడు. 1895లో హోల్యోక్ వై.ఎం.సి.ఎ.లో విలియమ్ మోర్గాన్ వాలీబాల్ కనిపెట్టాడు. మేము గుడి ఆవరణలో మాన్పించిన ఆట అదే! ఇది చదివిన రోజున మాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

ఆ 1895లోనే తిరునల్వేలి ప్రాంతపు యువకుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా సేవ ప్రారంభించారు. యౌవనస్థుల మధ్య తిరుగుచు, అమెరికా దేశస్థుడైన షెర్వుడ్ ఎడ్డీతో ప్రాణస్నేహము చేసి, 1909 వరకు అందులో పనిచేసిన ఆయనే 1912లో దోర్నకల్ మొదటి బిషప్పయ్యారు. మన తెలుగు సంఘములు ఆ పడకగదికి ఈ విధముగా కొంత ఋణపడియున్నవి.

తక్కినది త్వరగా చెప్పవచ్చును. 1853లో యజమాని కుమార్తె హెలెన్‌ను వివాహమాడారు. వ్యాపారములో భాగస్థులై, మామగారి అనంతరము దానికి అధిపతి అయ్యారు. 1855లో పారిస్ నగరములో ప్రపంచ సభ జరిగింది. 1894లో, సంఘమునకు ఏబదేండ్లు నిండినప్పుడు, విక్టోరియా రాణి ఆయనకు సర్ బిరుదునిచ్చింది. గడించినదానిలో చాలా భాగము ధర్మమునకే వెచ్చించారు. ఎదిగి పెద్దవాడైన తరువాత కూడ కొత్తగా చేరిన గుమాస్తా భుజముపై చెయ్యివేసి పలకరించే అలవాటు పోలేదు.

1905 నవంబరు 6వ తేదీన, ఎనుబదినాలుగేండ్ల వయస్సున, టార్కీ పట్టణములో ప్రభువునందు నిద్రించారు. ఆయన దేహమును సెయింట్ పాల్ దేవాలయములోనే, దేశ వీరుల సమాధుల నడుమ ఉంచారు. ఎదుటనే దుకాణము. ఆ దినమున కూడ లోపల గుమాస్తాలు ఉన్నారు, పల్లెల నుండి కొత్తగా వచ్చిన కుర్రవాళ్లు.