లెస్టర్ బ్యాంగ్స్: లేని ఆల్బమ్‌లకి రివ్యూ రాసినవాడు

కొత్త ఇండీ రాక్ ఆల్బమ్ వస్తే మనం ముందు చూసేది రేటింగ్. పదికి ఎనిమిదొస్తే వింటాం, ఐదొస్తే వదిలేస్తాం. లెస్టర్ బ్యాంగ్స్‌ని చదివాక నాకు ఆ అంకెలు చప్పగా అనిపిస్తున్నాయి.

1948లో కాలిఫోర్నియాలోని ఎస్కాండీడోలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి అగ్నిప్రమాదంలో పోయాడు. తల్లి యెహోవా సాక్షుల్లో ఒకరు, చాలా నిష్ఠ గల మనిషి. ఆ ఇంట్లో పెరిగిన కుర్రాడికి జాజ్ రికార్డులు, బీట్ రచయితల పుస్తకాలు దొరికాయి. ఇంకేముంది!

1969లో రోలింగ్ స్టోన్ పత్రిక పాఠకులని రివ్యూలు పంపమంది. అప్పుడు అందరూ ఆకాశానికెత్తేస్తున్న ఎమ్‌సీ5 మొదటి ఆల్బమ్‌ని చీల్చి చెండాడి పంపాడు. వాళ్ళు అచ్చేశారు. తర్వాత అదే బ్యాండ్‌కి అభిమాని అయ్యాడు, అది వేరే సంగతి. బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌ని కూడా తిట్టాడు, అక్కడ మాత్రం నేను అతనితో ఒప్పుకోను. సంగీతకారులంటే మర్యాద లేదని 1973లో ఆ పత్రిక పొమ్మంది.

అప్పటికే మిషిగన్‌లో క్రీమ్ అనే పత్రికలో చేరిపోయాడు. అతని అసలు సిసలు రాతలు అక్కడివే. 1971లో కౌంట్ ఫైవ్ అనే బ్యాండ్ గురించి రాశాడు. వాళ్ళు చేసింది ఒకే ఒక్క ఆల్బమ్. మనవాడు మాత్రం ఆ తర్వాత వచ్చాయంటూ ఇంకొన్ని ఆల్బమ్‌లు ఊహించేసి, పేర్లు పెట్టి, వాటినీ రివ్యూ చేసేశాడు! చదువుతుంటే నవ్వొస్తుంది గానీ, అతని వాదన సీరియస్సే. వాయించడం సరిగ్గా రాని కుర్రాళ్ళు గ్యారేజ్‌లో చేసే గోలలో, స్టేడియంలు నింపేవాళ్ళ నైపుణ్యంలో లేని ప్రాణం ఉందంటాడు. పంక్ అన్న మాట రాక్‌కి అతుక్కోవడంలో క్రీమ్‌దీ, ఇతనిదీ పెద్ద పాత్ర.

1976లో న్యూయార్క్ వెళ్ళాడు. తను కలలుగన్న గోల అక్కడి క్లబ్బుల్లో నిజంగానే మోగుతోంది. అందరూ తెలిసినవాళ్ళే. హాయిగా పొగుడుతూ బతికేయొచ్చు. కానీ 1979లో విలేజ్ వాయిస్‌లో ఒక వ్యాసం రాశాడు: ఆ పంక్ గుంపులో జోకుల పేరుతో నడుస్తున్న జాతి వివక్ష గురించి. తను కూడా నవ్వించడానికి అలాంటి మాటలు వాడానని అందులోనే చెప్పుకున్నాడు. రోజూ ఎదురుపడే మనుషుల గురించి అలా రాయడమంటే మాటలా? ఒక ఆల్బమ్‌ని తిట్టడం దీనిముందు చాలా ఈజీ.

అదే ఏడాది వ్యాన్ మారిసన్ ఆల్బమ్ ఆస్ట్రల్ వీక్స్ మీద రాసింది చదివితే వేరే మనిషి రాశాడేమో అనిపిస్తుంది. వెటకారం లేదు, గోల లేదు. తను బాగా కుంగిపోయి ఉన్న 1968లో ఆ పాటలు తనకి ఎలా ఆసరా అయ్యాయో, వాటిలోని మనుషుల బాధ ఏంటో నిదానంగా చెప్తాడు. రివ్యూ ఇంత దూరం వెళ్ళగలదని నాకు అప్పుడే తెలిసింది.

1982 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లోని తన అపార్ట్‌మెంట్‌లో చనిపోయాడు. పొరపాటున మందులు ఎక్కువయ్యాయి. వయసు 33. బతికుండగా తన వ్యాసాల సంపుటి ఒక్కటీ చూసుకోలేదు, మొదటిది 1987లో వచ్చింది. దానికి పెట్టిన పేరు ఆ కౌంట్ ఫైవ్ వ్యాసానిదే. అందులో 'కార్బ్యురేటర్ డంగ్' అన్న సగం, అతను ఊహించిన ఆల్బమ్ పేరు.